పాడవని కంప్యూటర్‌ను పాతది అన్నదెవరు?

తెనాలిలో మా మామయ్యకు ఒక డీటీపీ షాపు ఉంది. మూఢం విడిచి ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆయన ఫోనుకు దొరకరు. దొరికినా, మాట మధ్యలో "వరుడి తాతగారి పేరు పైన వెయ్యాలా, కింద వెయ్యాలా" అని ఎదురుగా కూర్చున్న పెళ్లివారిని అడుగుతూనే ఉంటారు. అలాంటి మనిషి సీజను నడుమ తనంతట తాను ఫోన్ చేశారు.

"ఏరా, మన కంప్యూటర్ పోయిందట."

"పోవడమేమిటి మామయ్యా, ఆన్ కావడం లేదా?"

"శుభ్రంగా అవుతోంది. పొద్దుటి నుంచి మూడు కార్డులు కంపోజ్ చేశాను. అయినా పోయిందట. కంప్యూటర్ షాపులో అబ్బాయి చెప్పాడు. కొత్తది కొనాల్సిందేనట."

మనిషి లేచి తిరుగుతుండగానే మరణ ధ్రువీకరణ పత్రం చేతిలో పెట్టినట్టుంది కదా ఈ వ్యవహారం. ఆ పెట్టెను 2017లో నేనే దగ్గరుండి కొనిపించాను. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. మూడేళ్ల కిందట హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేశాను, ర్యామ్ పెంచాను. అప్పటి నుంచి అది కొన్న రోజుకంటే చురుగ్గా పనిచేస్తోంది. శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. దీనికంటే బరువైన పని ఆ పెట్టె ఎన్నడూ చెయ్యలేదు, చెయ్యబోదు కూడా. మరి దాన్ని పాతది అన్నదెవరు?

అన్నది ఒక తేదీ. 2025 అక్టోబరు 14న, ఆ పెట్టెను నడిపే విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. 2015 జులైలో వచ్చిన వ్యవస్థ అది. దాని తరువాతి విండోస్ 11 ఉచితమే. కానీ దాన్ని ఎక్కించుకోవాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్ ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ప్రకటించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి పైవి. టీపీఎం అంటే కంప్యూటర్ తన రహస్య తాళపు చెవులను దాచుకునే చిన్న ఇనప్పెట్టె లాంటిది. అది ఉండటం మంచిదే, కాదనను. చాలా ఏడో తరం, ఆరో తరం యంత్రాల్లో కూడా అది చిప్పులోనే కూర్చునే ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్ రూపంలో ఉంది. కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఒక మీట నొక్కితే మేలుకుంటుంది. మామయ్య పెట్టెలోనూ మేలుకుంది. గడప దగ్గర ఆపింది ప్రాసెసర్ జాబితా ఒక్కటే.

ఈ జాబితా సంగతి కాస్త తీరిగ్గా చూడాలి. 2017 ఆగస్టులో ఇంటెల్ ఎనిమిదో తరం పేరుతో మొదట తెచ్చిన ల్యాప్‌టాప్ చిప్పులు కొత్త నిర్మాణమేమీ కావు. ఏడో తరం కేబీ లేక్‌నే తీసుకుని, రెండు కోర్లున్న చోట నాలుగు పెట్టి, పెట్టె మీద అంకె మార్చారు. కోర్ ఐ5-7200యూలో ఉన్నదీ, ఐ5-8250యూలో ఉన్నదీ ఒకే జాతి కోరు. మొదటిది విండోస్ 11కు అంటరానిది, రెండోది ఆప్తబంధువు. భద్రత కోసమే ఈ గీత అంటే, 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం ఈ రెంటిలోనూ ఉంది. విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని కోడ్‌ను కాపాడే రక్షణ వేగంగా నడవడానికి చిప్పులో ఒక ప్రత్యేక సౌకర్యం కావాలంటారు. ఇంటెల్ వైపు అది కేబీ లేక్ నుంచే ఉంది. ఏఎండీ వైపు అలాంటిది రైజెన్ 2000 తరువాత వచ్చిన జెన్ 2 చిప్పులతో వచ్చింది. అయినా జాబితాలో ఉన్న ఇంటెల్ ఏడో తరం కేబీ లేక్ చిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ సౌకర్యం లేని రైజెన్ 2000 మాత్రం దర్జాగా లోపల కూర్చుంది. భద్రతే కొలత అయితే ఈ గీత ఇంత వంకరగా ఎందుకు పోతుంది?

ఇంకా చక్కని ముచ్చట ఒకటుంది. 2021 జూన్‌లో విండోస్ 11ను ప్రకటించేనాటికి మైక్రోసాఫ్ట్ స్వయంగా సర్ఫేస్ స్టూడియో 2 అనే ఖరీదైన కంప్యూటర్‌ను అమ్ముతోంది. అందులో ఉన్నది ఏడో తరం ప్రాసెసర్, కోర్ ఐ7-7820హెచ్‌క్యూ. అంటే తన దుకాణంలో ఉన్న సరుకే తన కొత్త వ్యవస్థకు పనికిరానిదైంది. ఏమైంది? ఆగస్టులో ఆ ఒక్క చిప్పూ కొన్ని షరతులతో జాబితాలోకి ఎక్కింది. మిగిలిన ఏడో తరంలో చాలా భాగం బయటే ఉండిపోయింది. ఆ సందర్భంలోనే కంపెనీ చెప్పిన లెక్క ఏమిటంటే, అర్హత ఉన్న యంత్రాల్లో 99.8 శాతం క్రాష్ లేని అనుభవం ఉంటే, అర్హత లేనివాటిలో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువట. యాభై రెండు అనగానే గుండె గుభేలుమంటుంది. కానీ దేనికి యాభై రెండు? అసలే నామమాత్రంగా ఉన్నదానికి మరో సగం కలిపితే వచ్చేదీ నామమాత్రమే. చిటికెడు ఉప్పుకు అర చిటికెడు కలిపితే పులుసు కషాయమైపోదు.

ఇక్కడ ఎదుటివారి వాదనను కూడా నిజాయితీగా వినాలి. ఎందుకంటే నేనూ కొన్నేళ్లు "పాతదైతేనేం, నడుస్తోంది కదా" అని అప్‌డేట్లను విసుక్కున్నవాడినే. నా బుద్ధి మార్చింది 2017 మే నెల. వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకి కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నెట్టుకు కలిపిన యంత్రానికి భద్రతా మరమ్మతులు రాకపోవడమంటే వీధి తలుపు గొళ్ళెం ఊడిపోయినట్టే. ఈ రోజు కాకపోతే రేపు ఎవరో ఒకరు తోసి చూస్తారు. కాబట్టి "మద్దతు ఆగిపోయినా ఏమీ కాదు, వాడేసుకోండి" అని మామయ్యకు చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పేవాళ్లను నమ్మవద్దనే అంటాను.

అయితే వాన్నాక్రై నేర్పిన పాఠాన్ని తప్పుగా చదువుకుంటున్నామని నా అనుమానం. ఆ పురుగు దూరిన కన్నాన్ని పూడ్చే మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. వేసుకున్న యంత్రాలు, ఎంత పాతవైనా, బతికిపోయాయి. గొడవ ముదిరాక, మూడేళ్ల కిందటే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది. అంటే తలచుకుంటే చెయ్యగలిగినదే. జబ్బు యంత్రం వయసుది కాదు, అందని మందుది.

మందు విండోస్ 10కు ఆగిపోయిందా అంటే, అసలు కిటుకు అక్కడే ఉంది. ఆగిపోలేదు! సంస్థలు డబ్బు కడితే 2028 అక్టోబరు వరకు మరమ్మతులు అందుతాయి. ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తరువాత ఏటేటా రెట్టింపు. ఆసుపత్రి పరికరాలు, ఏటీఎంల వంటి వాటి కోసం ఉన్న ఒక ప్రత్యేక విండోస్ 10 రకానికైతే 2032 జనవరి దాకా వస్తాయి. ఇళ్లలో వాడుకునేవారికి ఒక్క ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, 30 డాలర్లకు ఇచ్చారు. సెట్టింగులను వాళ్ల క్లౌడ్‌లో దాచుకుంటే ఉచితమన్నారు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే అక్కడివారికి ఆ షరతును సడలించారు. కన్నాలు వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు, పూడ్చేవాళ్లు పూడుస్తూనే ఉంటారు, పూడ్చిన ముద్ద తయారై బల్ల మీద ఉంటుంది. మామయ్య పెట్టెకు మాత్రం ఆ ఒక్క ఏడాది దాటాక అది వెయ్యరు. దీన్ని సాంకేతిక పరిమితి అనడం నాకు చేతకాదు. ఇది దుకాణం కట్టేసే వేళ, అంతే.

ఇదే భద్రత సమస్యను మరో రంగం ఎలా ఎదుర్కొందో గుర్తుచేస్తాను. 1997లో వైఫై మొదటి ప్రమాణంతోపాటు వచ్చిన వెప్ అనే రక్షణ కవచాన్ని 2001 నాటికే పరిశోధకులు చీల్చి పడేశారు. అప్పటికే జనం చేతిలో వైర్‌లెస్ కార్డులు బోలెడున్నాయి. గట్టి ఎన్‌క్రిప్షన్ నడిపే శక్తి వాటి చిప్పులకు లేదు. అప్పుడు ఇంజినీర్లు ఏం చెయ్యాలి? "పాతవి పారెయ్యండి" అనవచ్చు. అనలేదు. వెప్ కోసం తయారైన అదే చిప్పు మీద, ఫర్మ్‌వేర్ మార్చితే నడిచేలా టీకిప్ అనే మధ్యేమార్గాన్ని రూపొందించారు. 2003లో డబ్ల్యూపీఏ పేరుతో వచ్చింది అదే. చేతిలో ఉన్న నాసిరకం తాళానికి మేలైన చెవి చెక్కడం లాంటి పని అది. నా దృష్టిలో వైర్‌లెస్ చరిత్రలో ఇంత మర్యాద గల ఇంజినీరింగ్ తక్కువ. టీకిప్ కలకాలం నిలవలేదు. 2008లో దానిలోనూ బీట కనిపించింది, తరువాత ప్రమాణాల నుంచి తప్పించారు. కానీ ఈలోగా జనానికి కొన్నేళ్ల వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలో పాత కార్డులు తమ సహజ ఆయుర్దాయం తీరి పోయాయి. ఎవరూ గొంతు పిసకలేదు.

ఈ రోజుకీ చాలా రౌటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో 1999 నాటి 802.11బి రకం వైఫై పరికరాన్ని పలకరించగలవు. దానికి ఖర్చు లేకపోలేదు. ఆ ముసలాయన నింపాదిగా మాట్లాడేవరకు గాలిలో మిగతావాళ్లందరూ ఆగాలి. అయినా రౌటర్ ఆ భారం మోస్తోంది, అక్కర్లేదనుకున్న యజమాని సెట్టింగుల్లోకి వెళ్లి ఆపుకోవచ్చు. నిర్ణయం ఇంటివాడిది.

మొబైల్ కంపెనీలు 3జీని ఆపేసినప్పుడు నేను ఇంత గొడవ చెయ్యలేదు. ఎయిర్‌టెల్ 2020 ప్రాంతంలో 3జీకి స్వస్తి చెప్పింది. జియో అయితే 2016లో మొదలైందే 4జీతో. 3జీ ఫోను చేతిలో ఉన్నవారికి కష్టమే అయింది. కానీ స్పెక్ట్రమ్ చేను లాంటిది. ఎకరం ఎకరమే. ఒక పంట కోస్తే తప్ప మరో పంట వెయ్యలేరు. 3జీ ఆక్రమించిన తరంగాలను ఖాళీ చేస్తేనే 4జీకి చోటు. ఆ కారణం నాకు అర్థమవుతుంది. విండోస్ 10 మరమ్మతు మామయ్య పెట్టెలోకి వస్తే ఎవరి చేను తగ్గుతుంది?

ఇంతకీ మామయ్య బాధ వేరే. ఆయనకు కొత్త కంప్యూటర్ కొనడం కంటే పాత ఫైళ్లు తెరుచుకోకపోవడం గురించి బెంగ. తెలుగు అచ్చు పనిలో లేనివారికి ఇది చెప్పాలి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. నేను ఈ వ్యాసం రాస్తున్నదీ యూనికోడ్‌లోనే. కానీ శుభలేఖల లోకం ఇంకా చాలావరకు అను ఫాంట్లలోనే బతుకుతోంది. అందులో మీరు చూసే "శ్రీరస్తు" లోపల తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల, చిహ్నాల స్థానాల్లో తెలుగు ముక్కలను, తలకట్లను, ఒత్తులను కూర్చిన ఒక ఏర్పాటు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" కాస్తా దెయ్యం పట్టినట్టు వికారపు గుర్తుల్లో మాట్లాడుతుంది. పైగా ఫైళ్లన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాంవి. 2001 నాటి 7.0తో పేజ్‌మేకర్ కథ ముగిసింది, అడోబీ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. కొత్త విండోస్‌లో పేజ్‌మేకర్ సవ్యంగా నడుస్తుందని పూచీ పడేవారు ఎవరూ లేరు.

"యూనికోడ్‌లోకి మారండి మామయ్యా" అని నేను పదేళ్లుగా పోరుతున్నాను. ఆయన జవాబు ఒకటే. "అక్షరం సోకు రాదురా." అది మొండితనం అనుకునేవాడిని. ఒకసారి పక్కన కూర్చుని చూశాను. ఒకాయన తన పెద్ద కొడుకు పెళ్లికి 2006లో వేయించిన కార్డే చిన్న కొడుక్కీ కావాలని వచ్చారు. మామయ్య ఐదు నిమిషాల్లో పాత ఫైలు తీసి, పేర్లు మార్చి, ముహూర్తం మార్చి, ప్రూఫు చేతిలో పెట్టారు. దేవుడి బొమ్మ దగ్గర నుంచి "బంధుమిత్రుల అభినందనలతో" దాకా చెక్కు చెదరలేదు. ఆ ఇరవై ఏళ్ల ఫైళ్లే ఆయన ఆస్తి. కంప్యూటర్ ఆ ఆస్తికి బీరువా మాత్రమే. బీరువా మోడల్ పాతబడిందని చెప్పినవారికి లోపల ఏముందో తెలియదు.

కంప్యూటర్ షాపు అబ్బాయిని నేను తప్పుపట్టను. అమ్మడం అతని పని. కానీ కొనమన్న సమయం చూడండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను మింగేస్తుంటే, తయారీదారులు లాభం ఎక్కువున్న ఆ వైపుకే మళ్లారు. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో తన క్రూషియల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. పాత కంప్యూటర్లకు ర్యామ్ వేయాలంటే మనబోటివాళ్లం మొదట తలచుకునే పేర్లలో అదొకటి. ఒక చేత్తో పాతది పనికిరాదంటారు, మరో చేత్తో కొత్తదాని ధర పెంచుతారు. రెండు చేతులూ ఒకరివి కాకపోవచ్చు. జేబు మాత్రం ఒకరిదే.

పారేసినవి ఎటు పోతాయన్నది అందరికీ తెలిసినా ఎవరూ చూడని సంగతి. ఐక్యరాజ్య సమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పోగుచేసిన ఈ-చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతం. విండోస్ 10 ముగింపు వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తపాలు కావచ్చని కెనాలిస్ అనే సంస్థ 2023లోనే అంచనా వేసింది. అంచనాలు అటూ ఇటూ అవుతాయి, అందులో సగమే నిజమనుకున్నా తక్కువేమీ కాదు. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లో ఉన్నాయి. తయారీదారుకు రీసైక్లింగ్ లక్ష్యాలు పెట్టారు. బాగుంది. కానీ అవి యంత్రం చచ్చాక జరిగే కర్మకాండ గురించి. బతికున్నదాన్ని ఎందుకు చంపారని అడిగే నియమం నాకు వాటిలో కనిపించలేదు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. మందు సీసా మీద, బిస్కట్ ప్యాకెట్ మీద గడువు తేదీ ముద్రిస్తారు. కంప్యూటర్ పెట్టె మీద "ఈ యంత్రానికి ఫలానా తేదీ వరకు భద్రతా మరమ్మతులు ఇస్తాం" అని అంకెల్లో ముద్రించాలి. 2017లో ఆ అంకె కనిపించి ఉంటే మామయ్యకు ఆ చిప్పు కాకుండా, ఆరు నెలలు ఆగి మరొకటి కొనిపించేవాడిని. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఫోన్లు, కెమెరాల వంటి నెట్టు పరికరాలకు ఇలా చెప్పడం తప్పనిసరి చేశారు. మామూలు ల్యాప్‌టాప్‌లను, డెస్క్‌టాప్‌లను మాత్రం మినహాయించారు, అదొక వింత. ఐరోపా సమాఖ్య సైబర్ చట్టం ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరులో అమల్లోకి వస్తే, సాధారణంగా కనీసం ఐదేళ్ల మద్దతు ఇవ్వాల్సి ఉంటుంది. ఐదేళ్లు నా లెక్కలో చాలా తక్కువ. ఫ్రిజ్ ఐదేళ్లకు ఆగిపోతే మనం షాపు ముందు ధర్నా చేస్తాం.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ సంగతి ఎత్తకపోతే కొందరు మిత్రులు నన్ను బతకనివ్వరు. మా ఇంట్లో ఉన్న అదే వయసు ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్కించాను. మా అమ్మ యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటుంది, నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వరుసలో తెలుగు టైపు చేసుకుంటాను. హైదరాబాదు స్వేచ్ఛ బృందం వంటివారు ఏళ్లుగా చేసిన తెలుగీకరణ వల్ల ఈ లోకంలో తెలుగు అతిథిలా కాకుండా ఇంటి మనిషిలా కనిపిస్తుంది. వెబ్బు, ఉత్తరాలు, చదువు మాత్రమే పనైన వారికి నిస్సంకోచంగా చెబుతాను, మారిపోండి. మామయ్యకు చెప్పలేను. అను, పేజ్‌మేకర్, ఆయన వేళ్లకు ముప్పై ఏళ్లుగా అలవాటైన కీబోర్డు వరుస, ఇవేవీ అక్కడికి నడిచి రావు.

చివరికి పోయిన ఆదివారం తెనాలి వెళ్లాను. మూల టేబుల్ మీద ఎక్స్‌పీతో నడుస్తున్న ఇంకా పాత పెట్టె ఒకటుంది. దానికి నెట్టు తీగ పూర్తిగా తీసేసి, బీరువా పని అప్పగించాను. 2017 పెట్టెను అదనపు ఏడాది మరమ్మతుల కింద నమోదు చేశాను. బ్యాకప్ కోసం రెండు డిస్కులు కొన్నాం, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. మామయ్య అన్నీ ఓపికగా చూసి, "ఈ మందు ఎప్పటిదాకా వస్తుందిరా" అని అడిగారు. అక్టోబరు 13 అన్నాను. గోడకున్న క్యాలెండర్ దగ్గరకు వెళ్లి పేజీలు తిప్పారు. వేలు ఆ తేదీ మీద ఆగింది, నవరాత్రుల నడుమ పడింది.

"దసరా వెళ్తే కార్తీకంలో పెళ్లిళ్లే కదరా. సరిగ్గా చేతినిండా పని ఉన్నప్పుడా?"

అప్పటికే తలుపు దగ్గర కార్డు కోసం ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, 2011 అని పేరున్న ఫోల్డర్ తెరిచారు.